సైకిలు టైరు – దాని పరీక్షలు

హైదరాబాదులోని బోరబండ పేరులోనే బండ ఉన్నది. సనత్‌నగరు కర్మాగారాలకూ హైటెక్ సిటీ మేడలకూ నడుమ, ఎగుడుదిగుడు నేల మీద వెలసిన పేట అది. సందులు ఇరుకు. కొన్నింటికి సిమెంటు, కొన్నింటికి తారు. నీళ్ళ గొట్టాలకూ మురుగు కాలువలకూ తవ్వి పూడ్చిన చోట ఏదీ లేదు. ఆ సందులలో సైకిలు తొక్కేవాడు వాలున బ్రేకు మీద నుంచి చేయి తీయడు; ఎక్కుడు వచ్చినప్పుడు దిగి నడిపించుకొంటాడు. ఇదే నగరంలో, అక్కడికి అంత దూరమేమీ కాని నానక్‌రామ్‌గూడా వద్ద, బాహ్య వలయ రహదారి ప్రక్కన వేరొక దారి ఉన్నది. 2023 అక్టోబరు 1న ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు మార్గం అది. నాలుగున్నర మీటర్ల వెడల్పు, నునుపైన నేల, పైన ఎండ సోకకుండా కప్పు, ఆ కప్పు మీద 16 మెగావాట్ల విద్యుత్తు నీయగల సౌర ఫలకాలు. తెల్లవారుజామున ఇట్టి దారిని వంగిన హ్యాండిలు పట్టుకొని దూసుకుపోయేవారి సైకిళ్ళకు ట్యూబు లేని టైర్లు, గాలిని చీల్చుకొని పోవుటకు తీర్చిన లోతైన రిమ్ములు ఉంటాయి.

ఇట్టి టైరు ఒక్కొక్కటి వేల రూపాయలు పలుకుతుంది. దానిని అమ్మేవారు ‘మా టైరు ఇన్ని వాట్లు మిగులుస్తుంది’ అని ఒక అంకె చెబుతారు. ఆ అంకె అబద్ధం కానక్కరలేదు. కాని దానిని ఏ నేల మీద, ఎంత వేగంలో, ఎంత గాలి కొట్టి కొలిచారన్నది అంకె పక్కన చాలసార్లు ఉండదు. టైరు చరిత్రంతా చూస్తే ఒక విషయం స్పష్టపడుతుంది: ప్రతి తరంవారూ తాము పెట్టిన పరీక్షకు తగిన టైరునే ఉత్తమమని నమ్మారు, పరీక్ష మారినప్పుడల్లా ఉత్తమమైన టైరూ మారింది.

గాలి టైరును మొట్టమొదట ఊహించినవాడు రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండు ఇంజనీరు. 1845లో, అప్పటికి ఇరవయిమూడేళ్ళ ప్రాయంలో, ఆయన దానికి పేటెంటు పొందాడు. సైకిలు అప్పటికి ఇంకా ఈ రూపు దాల్చలేదు. ఆయన టైరు గుర్రపుబండికి ఉద్దేశించినది. రబ్బరు పూసిన గుడ్డ గొట్టంలో గాలి నింపి, దానిపై తోలు తొడిగి చక్రానికి బిగించాడు. 1847లో లండనులోని రీజెంట్స్ పార్కులో ఒకే బండికి మామూలు చక్రాలు ఒకసారి, గాలి చక్రాలు ఒకసారి తగిలించి, దానిని లాగుటకు ఎంత బలం పట్టుతున్నదో కొలిచారు. గట్టి రోడ్డు మీద గాలి చక్రాలకు చాల తక్కువ బలం చాలింది. కొత్తగా పరచిన కంకర మీద తేడా ఇంకా విపరీతం. మామూలు చక్రాలకు పట్టే బలంలో సుమారు మూడవ వంతుతో బండి కదిలింది. నేల ఎంత పాడైనదైతే గాలి అంత ఎక్కువ మేలు చేస్తుందన్నమాట. ఈ సంగతి మన రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇనుప పట్టా వేసిన కర్ర చక్రాల బండి పోయి టైరుబండి వచ్చినప్పుడు ఎడ్లు మొదటి రోజే చెప్పాయి. కాని థామ్సను కాలంలో రబ్బరు ప్రియం, పనితనం కష్టం. ఆయన కనుగొన్నదానిని లోకం నలభై యేళ్ళు మరచిపోయింది.

1887లో బెల్‌ఫాస్టు నగరంలో జాన్ బాయ్‌డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కుమారుని మూడు చక్రాల సైకిలు రాతి దారులలో గడగడలాడుతుంటే చూచి, థామ్సను సంగతి ఎరుగకయే, అదే ఉపాయం పన్నాడు. ఆయన చేసిన పరీక్ష ముచ్చటైనది. ఒక చెక్క బిళ్ళ చుట్టూ గాలి నింపిన రబ్బరు గొట్టం బిగించాడు. గట్టి రబ్బరు టైరు గల మూడుచక్రాల సైకిలు చక్రాన్నీ, దీనినీ తన పెరట్లో ఒకదాని తరువాత ఒకటి దొర్లించాడు. మొదటిది పెరడు దాటకముందే పడిపోయింది. గాలి చక్రం ఆ కొసదాకా పోయి, తలుపుకు కొట్టుకొని వెనుకకు ఎగిరింది. ఖర్చులేని పరీక్ష, అయినా చేతికి ఎంత బలం ఉన్నదో, నేల ఎట్లున్నదో రెండింటికీ సమానం కనుక ఫలితాన్ని శంకించుటకు వీలులేదు. 1889 మే 18న బెల్‌ఫాస్టులోని క్వీన్స్ కాలేజీ మైదానంలో విలియం హ్యూమ్ అనే పందెగాడు ఈ లావు టైర్లతో వచ్చాడు. చూచినవారు నవ్వారు. అతడు పందేలు గెలుచుకొని పోయాడు. ఓడినవారిలో హార్వే డ్యూక్రో అనే వ్యాపారి కుమారులున్నారు. ఆ తండ్రి నొచ్చుకొని ఊరుకోక, ఆ టైర్లను తయారుచేయుటకు కంపెనీ పెట్టాడు. థామ్సను పాత పేటెంటు బయటపడి డన్‌లప్ పేటెంటు చెల్లకుండాపోయినా, వ్యాపారం ఆగలేదు.

ఆ తొలి టైర్లలో ఒక పెద్ద లోపం ఉండెను. అవి చక్రానికి జిగురుతో అంటించబడినవి. ముల్లు గుచ్చుకొంటే విప్పి, అతికించి, తిరిగి అంటించి ఆరబెట్టుటకు గంటలు గడిచేవి. ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు 1891లో ఊడదీయగల టైరును చేశారు. ఆ యేటి సెప్టెంబరులో పారిస్ నుంచి బ్రెస్టుకు పోయి తిరిగి పారిస్‌కు వచ్చే మహా పందెం జరిగింది. దూరం సుమారు 1200 కిలోమీటర్లు. మిషెలిన్ టైర్లతో వచ్చిన షార్ల్ తెరాన్ 71 గంటల పైచిలుకులో గెలిచాడు. అతని టైర్లు పంక్చరు కాలేదని కాదు. అయినా త్వరగా బాగుచేయగలిగారు. వచ్చే సంవత్సరం మిషెలిన్ వారు మరొక పందెం పెట్టి, దారిలో తామే మేకులు చల్లించారు! తమ టైరు ఎంత సులభంగా బాగుపడుతుందో లోకానికి చూపుటకు. పరీక్ష పెట్టినవాడే ప్రశ్నపత్రాన్ని తనకు అనుకూలంగా వ్రాసుకొనుట అప్పటినుంచే ఉన్నది. అయితే ఆ ప్రశ్న మాత్రం న్యాయమైనది. రోడ్డు మీద మేకులు ఉండనే ఉంటాయి.

ఇక శాస్త్రజ్ఞుల పరీక్షలకు వద్దాం. చక్రం దొర్లేటప్పుడు బలం ఎందుకు ఖర్చవుతుంది? మాంచెస్టరులో ఆచార్యుడైన ఆస్‌బర్న్ రెనాల్డ్స్ 1876లో ప్రచురితమైన తన వ్యాసంలో ఈ ప్రశ్నను తీసుకొన్నాడు. ఇనుప రోలరును రబ్బరు మీద దొర్లించి చూచి, అది దొర్లే దూరం తన చుట్టుకొలతకు సరిగా సరిపోవుట లేదని గమనించాడు. బరువు క్రింద రబ్బరు సాగుతున్నది. ఆ సాగుట వల్ల సూక్ష్మమైన జారుడు కలుగుతున్నది. శక్తి ఆ జారుడులో పోతున్నదని ఆయన అభిప్రాయపడ్డాడు. 1950 దశకంలో కేంబ్రిడ్జిలో డేవిడ్ టేబర్ ఈ అభిప్రాయాన్ని చక్కని యుక్తితో పరీక్షించాడు. జారుడే కారణమైతే కందెన పూసినప్పుడు నిరోధం తగ్గాలి. పూసి చూచాడు, ఇంచుమించు ఏమీ తగ్గలేదు. శక్తి పోతున్నది పైన కాదు, లోపల. నొక్కిన రబ్బరు తిరిగి లేచేటప్పుడు, నొక్కుటకు మనం పెట్టిన శక్తినంతా తిరిగి ఇవ్వదు. కొంత వేడిగా మారుతుంది. దీనికే శైథిల్యమని పేరు. టైరు నేలకు తగిలే చోట ప్రతి క్షణమూ కొంత రబ్బరు నలిగి లేస్తూ ఉంటుంది కనుక ఆ సుంకం ఎడతెగక చెల్లిస్తూనే ఉండాలి.

ఈ సుంకాన్ని ఒక గుణకంతో చెబుతారు. మంచి పందెపు టైరుకు అది 0.004 ప్రాంతంలో ఉంటుంది. అనగా సైకిలూ మనిషీ కలిసి 80 కిలోల బరువైతే, సమతలం మీద పోవుటకు టైర్లు అడిగే బలం ఆ బరువులో వెయ్యింట నాలుగు పాళ్ళు. ఇంకొక విధంగా చెప్పాలంటే, ఆ టైర్లతో చదునైన దారిన పోవుట, టైరు నిరోధమే లేని సైకిలుతో కిలోమీటరుకు 4 మీటర్లు ఎక్కే దారిన పోవుటతో సమానం. గుణకం 0.008 ఉన్న టైరు వేసుకొన్నవాడు చదునైన నేల మీద కిలోమీటరుకు 8 మీటర్లు ఎక్కుతున్నాడు; ఆ గుట్ట కంటికి కనబడదు గాని కాళ్ళకు తెలుస్తుంది.

ఈ గుణకాన్ని కొలుచుటకు కర్మాగారాలలో పెద్ద ఇనుప పీపాను తిప్పుతూ దానిమీద టైరును ఒత్తిపట్టి, ఎంత శక్తి ఖర్చవుతున్నదో చూస్తారు. పీపా నునుపు, వేగం స్థిరం, గది ఉష్ణోగ్రత స్థిరం. రెండు టైర్లను పోల్చుటకు ఇంత మంచి సాధనం లేదు. కాని ఈ పీపా చాలకాలం అందరినీ తప్పుదారి పట్టించింది. నునుపైన పీపా మీద ఎంత ఎక్కువ గాలి కొడితే టైరు అంత తక్కువ నలుగుతుంది. గుణకం తగ్గుతూనే పోతుంది. అందుచేత పందెగాళ్ళు ఇరవయిమూడు మిల్లీమీటర్ల సన్నని టైర్లు వేసి, అవి రాయిలా గట్టిపడేదాకా గాలి కొట్టుకొన్నారు. చేతులు తిమ్మిరెక్కినా, అది వేగానికి చెల్లించే మూల్యమని సరిపెట్టుకొన్నారు.

పీపా చెప్పనిది రోడ్డు చెప్పింది. అమెరికాలో ‘బైసికిల్ క్వార్టర్లీ’ పత్రికను నడిపే యాన్ హైనే ప్రభృతులు ఈ శతాబ్దపు మొదటి దశకంలో నిజమైన రోడ్ల మీద, గరుకు గీతల మీద, మనిషిని ఎక్కించి శక్తిని కొలిచారు. టైరు మరీ గట్టిదైతే ప్రతి గతుకు వద్ద సైకిలూ మనిషీ కలిసి పైకి ఎగురుతారు. ముందుకు పోవలసిన శక్తి మనిషి కండలలో, కీళ్ళలో అదురుగా మారి వ్యర్థమవుతుంది. టైరు నలిగితే పోయేది కొద్ది. మనిషి నలిగితే పోయేది చాల ఎక్కువ. చక్రాల తయారీలో పనిచేసిన జాష్ పోర్ట్‌నర్ అనే ఇంజనీరు చేసిన కొలతలలో ఇంకొక సంగతి తేలింది. రోడ్డు మీద గాలి పెంచుతూ పోతే నిరోధం కొంతవరకు మెల్లగా తగ్గి, ఒక హద్దు దాటగానే చటుక్కున పెరుగుతుంది. నేల ఎంత గరుకైతే ఆ హద్దు అంత తక్కువ గాలి వద్దనే వస్తుంది. ఇక సన్నని టైర్ల కాలం చెల్లింది. పందేలలో 25, ఆపైన 28, 30 మిల్లీమీటర్ల టైర్లు వచ్చాయి. 1847లో రీజెంట్స్ పార్కు కంకర చెప్పిన పాఠమే ఇది. మధ్యలో నునుపైన పీపా దానిని కప్పిపుచ్చింది.

అయితే లావు టైరుకు వేరొక శత్రువు ఉన్నది: ఎదురుగాలి. లెక్క వేసి చూద్దాం. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వంగి తొక్కేవాడు, పైన చెప్పిన 80 కిలోల బరువుతో, మంచి టైర్లకు చెల్లించేది సుమారు 31 వాట్లు. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది కనుక ఇక్కడి గాలి కొంచెం పలుచన. అయినా ఆ గాలిని చీల్చుటకు అతనికి సుమారు 165 వాట్లు కావాలి. ఇందులో ఎక్కువ భాగం అతని ఒంటిదే. చక్రాలది కొద్ది వాటా. కాని ముందు చక్రపు టైరు ఎవరి చాటునా లేక కొత్తగాలిని తాకే మొదటి అంచు. అంతేకాదు, దొర్లే చక్రం పైభాగం సైకిలు వేగానికి రెట్టింపు వేగంతో ముందుకు పోతూ ఉంటుంది. కనుక టైరు ఆకారం లెక్కలోకి వస్తుంది.

ఇక్కడ రెనాల్డ్స్ తిరిగి ఎదురవుతాడు. 1883లో ఆయన గాజు గొట్టంలో నీటిని పారించి, రంగు చారను వదలి, ప్రవాహం ఎప్పుడు పొరలు పొరలుగా నిలకడగా సాగుతుందో, ఎప్పుడు సుడులు తిరుగుతుందో చూపాడు. దొర్లుడుకూ గాలికీ కూడ తొలి పునాది వేసినవాడు ఒక్కడే కావడం విశేషం. తరువాత జర్మనీలో లుడ్విగ్ ప్రాంట్‌ల్ 1904లో ‘సరిహద్దు పొర’ను కనుగొన్నాడు. వస్తువును అంటిపెట్టుకొని పోయే పలుచని గాలి పొర అది. ఆ పొర వస్తువు వెనుక భాగాన్ని వీడి విడిపోతే, అక్కడ సుడుల గుండం ఏర్పడి వస్తువును వెనుకకు లాగుతుంది. 1914లో ప్రాంట్‌ల్ ఒక గోళానికి సన్నని తీగ చుట్టి చూపించాడు. ఆ తీగ సరిహద్దు పొరను కొంచెం కలతపెట్టుతుంది. కలతపడిన పొర మరింత దూరం గోళాన్ని అంటిపెట్టుకొని పోతుంది, వెనుక గుండం చిన్నదవుతుంది, నిరోధం తగ్గుతుంది. నునుపైనది ఎప్పుడూ మేలు కాదన్నమాట! క్రికెట్టు బంతి కుట్టు ఒక పక్క గాలిని ఇట్లే కలతపెట్టి బంతిని ప్రక్కకు మళ్ళిస్తుంది.

టైరు విషయంలో ఈ శాస్త్రం రెండు విధాలుగా పనిచేసింది. టైరు రిమ్ము కంటె లావుగా ఉబ్బి ఉంటే, టైరు మీదుగా వచ్చిన గాలి రిమ్మును అంటక మధ్యలోనే విడిపోతుంది. అందుచేత రిమ్ము వెడల్పు టైరు వెడల్పుకు నూటికి నూటయైదు పాళ్ళయినా ఉండాలని పోర్ట్‌నర్ ఒక సూత్రం చెప్పాడు. టైర్లు లావైనకొద్దీ రిమ్ములూ వెడల్పయినాయి. రెండవది, టైరు ప్రక్కలలో కావాలని గుంటలు పెట్టుట. 2024లో జర్మనీకి చెందిన కాంటినెంటల్ కంపెనీ ‘ఏరో 111’ అనే టైరును విడుదల చేసింది. దాని ప్రక్కలలో వరుసగా ఉన్న గుంటలు ప్రాంట్‌ల్ తీగ చేసిన పనినే చేయాలని ఉద్దేశం. దానిని ముఖ్యంగా ముందు చక్రానికే చేశారు. వెనుక చక్రానికి చేరేసరికి గాలి కాళ్ళకూ ఫ్రేముకూ తగిలి ఎటూ కలతపడే ఉంటుంది గదా. ఇట్టి టైర్లను వాయు సొరంగంలో, గాలిని ఎదురుగానూ కొంత ఓరగానూ వదలి పరీక్షిస్తారు. రోడ్డు మీద గాలి ఎన్నడూ నేరుగా రాదు.

ట్యూబు లేకపోవుట ఎందుకు? మోటారు కార్లకు ఆ టైరును బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీలో ఫ్రాంక్ హెర్జెగ్ రూపొందించాడు. 1952లో పేటెంటు లభించింది. సైకిళ్ళలో మొదట కొండదారుల సైకిళ్ళకు 1999లోనూ, రోడ్డు సైకిళ్ళకు 2006లోనూ వచ్చింది. ట్యూబూ టైరూ ఒకదానితో ఒకటి ఒరసుకొనే నష్టం లేదు. తక్కువ గాలితో పోతున్నప్పుడు రాతికీ రిమ్ముకూ నడుమ ట్యూబు నలిగి రెండు చోట్ల చిరిగే బాధ లేదు. లోపల పోసిన పాలవంటి ద్రవం చిన్న చిన్న కన్నాలను తానే పూడ్చుతుంది. కాని ఆ ద్రవం కొన్ని నెలలలో ఎండిపోతుంది. దక్కను వేసవిలో ఇంకా త్వరగా. అది ఎండిన సంగతి పైకి తెలియదు, ముల్లు గుచ్చుకొన్న నాడే తెలుస్తుంది.

ఇంతకంటె గంభీరమైన విషయం ఒకటి ఉన్నది. ఇదివరకు రిమ్ము అంచులకు లోపలివైపు కొక్కెం ఉండి టైరును పట్టుకొనేది. ఇటీవల కొన్ని రిమ్ములకు ఆ కొక్కెం తీసివేశారు. తయారీ సులభం, గాలికీ అనుకూలం. కాని అట్టి రిమ్ములో 5 బార్లకు మించి, అనగా చదరపు అంగుళానికి సుమారు 73 పౌన్లకు మించి, గాలి కొట్టరాదు. 2024 ఫిబ్రవరిలో యు.ఏ.ఇ. టూరు పందెంలో బెల్జియం పందెగాడు థామస్ డి గెంట్ పడిపోయినప్పుడు అతని టైరు ఇట్టి రిమ్మును వీడి వ్రేలాడుతూ కనిపించింది. పందెగాళ్ళ సంఘం ఆందోళన వెలిబుచ్చింది. హైదరాబాదులో ఈ హద్దును ఇంకొక కోణం నుంచి చూడాలి. చల్లని గదిలో 25 డిగ్రీల వద్ద సరిగ్గా 5 బార్లు నింపిన టైరు, మే నెల ఎండలో నిలిపినప్పుడు 55 డిగ్రీలకు వేడెక్కితే, లోపలి పీడనం 5.6 బార్లు అవుతుంది. అనగా పంపు ముట్టకుండానే హద్దు దాటింది. వాయు సొరంగంలో ఎన్ని వాట్లు మిగిలినా ఈ లెక్క దానిలో కనబడదు.

ఇప్పుడు బోరబండ సందుకు తిరిగివద్దాం. అక్కడ వేగం గంటకు 18 కిలోమీటర్లు అనుకొందాం. గాలికి చెల్లించే శక్తి వేగపు ఘనంతో మారుతుంది. కనుక వేగం సగమైతే అది ఎనిమిదవ వంతు, సుమారు 20 వాట్లు. టైర్లకు చెల్లించేది సగమే తగ్గుతుంది: మంచి టైర్లకు 16, నాసి టైర్లకు 30 వాట్ల పైన. అంటే ఆ వేగంలో టైరు రబ్బరు గాలితో సమానమైన శత్రువు, లేదా దానికంటె పెద్దది. 36 కిలోమీటర్ల వేగంలో 4 వాట్లు మిగిల్చే గుంటల టైరు అక్కడ మిగిల్చేది అరవాటు. మెత్తని ప్రక్కలు గల లావు టైరుకు తగినంత తక్కువ గాలి కొడితే లభించేది దానికి ఎన్నో రెట్లు. నానక్‌రామ్‌గూడా కప్పు క్రింద ఇదే లెక్క తలక్రిందులవుతుంది.

ఈ రెండు దారులకూ నడుమ మూడవ రకం సైకిలువాళ్ళున్నారు. 1891 నాటి పారిస్–బ్రెస్టు పందెం నేడు దీర్ఘయాత్రగా సాగుతున్నది. ఆ సంప్రదాయంలోనే హైదరాబాదు ర్యాండొనర్ల సంఘంవారు 200, 300, 400, 600 కిలోమీటర్ల యాత్రలు జరుపుతారు. 600 కిలోమీటర్లకు గడువు 40 గంటలు. గంటకు 22 కిలోమీటర్ల సగటుతో పోయేవాడు సుమారు 27 గంటలు జీను మీద ఉంటాడు. పైన చెప్పిన గుంటల టైరు ఆ వేగంలో అతనికి మిగిల్చేది వాటుకు కొంచెం తక్కువ. దానిని కాలంలోకి మార్చితే 600 కిలోమీటర్లకూ కలిపి పది నిముషాలు. రాత్రివేళ రోడ్డు పక్కన దీపం వెలుగులో చక్రం విప్పి, ట్యూబు మార్చి, గాలి కొట్టుకొనుటకు పట్టే కాలం కూడ ఇంచుమించు అంతే.